విలీనం అనే మాట వెనుక

బెంజ్ సర్కిల్‌లో నిలబడి చూసేవానికి సంస్థల బోర్డులు మారడమే కనబడుతుంది. బోర్డు వెనుక చేతులు మారేదేమిటో రచయిత గమనించాలి.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పులతో, ఆస్తులతోపాటు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, సంతకాలు కూడా కొత్త యాజమాన్యానికి చేరాయి. ప్రభుత్వ పథకం ప్రకారం జరిగిన పని గనుక ఒక్కొక్క ఖాతాదారు సమ్మతి ప్రసక్తే రాలేదు.

తరువాత వచ్చిన 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం సమ్మతిని పునాదిగా చెప్పుకున్నది. కాని, కోర్టో ట్రిబ్యునలో ఆమోదించిన విలీనాలను దాని 17వ సెక్షను ఆ నియమం నుండి మినహాయించింది. సమాచారాన్ని చెరిపివేయమని అడిగే హక్కు కూడా అక్కడ వర్తించదు. భద్రపరిచే బాధ్యత మాత్రం మిగిలింది. అంటే పెట్టెకు తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరికివ్వాలో చెప్పే అధికారం పెట్టెలోని బతుకు ఎవరిదో వారికి లేదు.

ఏరు సముద్రంలో కలిసినంత సహజంగా వినిపించే "విలీనం" అనే మాటను విచారించకుండా వాడే రచయిత, ఆస్తి బదిలీని ప్రకృతి ధర్మంగా చూపినవాడవుతాడు.