ఒక వైపే పలికే సీడీ ప్లేయర్: లోపం ఎక్కడ?

చెన్నై నగరంలోను, దానికి ఉత్తరాన, పడమరన ఉన్న సూళ్ళూరుపేట, తడ, సత్యవేడు, నగరి ప్రాంతాల తెలుగు ఇళ్ళలోను పాత సీడీ ప్లేయర్లను భద్రంగా కాపాడుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. కచేరీలు, నాటకాలు, పాత సినిమా పాటల సీడీలు బీరువాలో ఉన్నంతకాలం ఆ యంత్రం అవసరం తీరదు. ఇటువంటి ప్లేయర్లలో తరచుగా కనిపించే లోపం ఒకటి ఉంది. డిస్క్ చక్కగా తిరుగుతుంది, పాట సంఖ్య తెరపై కనిపిస్తుంది, కాని ఒక స్పీకర్ మాత్రమే పలుకుతుంది.

ఈ లోపం చాలా రోజుల వరకు ఇంటివారి దృష్టికి రాకపోవచ్చు. స్టీరియో పాటలో గాయకుని గొంతు సాధారణంగా రెండు చానెళ్ళలోను ఉంటుంది. ఒక చానెల్ పోయినా గొంతు వినిపిస్తూనే ఉంటుంది. ఆ వైపు ఉన్న వయొలిన్, వేణువు, తాళవాద్యం మాత్రమే మాయమవుతాయి. తెలిసిన తరువాత మరమ్మతుకు ఇస్తే కొన్నిచోట్ల "లెన్సు పోయింది, మార్చాలి" అన్న సమాధానం వస్తుంది. ఒక చానెల్ మాత్రమే మూగబోయినప్పుడు ఈ సమాధానం సరికాదు. బాగా పనిచేస్తున్న అసలు లేజర్‌ను తీసివేసి నాసిరకం నకలును బిగిస్తే, ఉన్న లోపం పోకపోగా కొత్త లోపం వచ్చి చేరుతుంది.

లేజర్ ఎందుకు కారణం కాదు?

సీడీ మీద ఎడమ ధ్వనికి ఒక గాడి, కుడి ధ్వనికి మరొక గాడి అంటూ లేవు. ఉన్నది ఒకే సర్పిలాకార మార్గం. ఒక్కొక్క చానెల్‌కు సెకనుకు 44,100 చొప్పున 16 బిట్ల నమూనాలు ఆ ఒకే మార్గంలో కలిసి నమోదై ఉంటాయి. వాటిని చదివే లేజర్ కూడా ఒక్కటే. కనుక లేజర్ బలహీనపడితే పాట రెండు వైపులా గెంతుతుంది, ఆగుతుంది, లేదా డిస్క్‌ను యంత్రం గుర్తించదు. ఎడమ వైపు శుభ్రంగా పలుకుతూ కుడి వైపు మాత్రమే మూగబోవడం లేజర్ వల్ల జరగదు.

రెండు చానెళ్ళు విడిపోయేది అంకెలను ధ్వని విద్యుత్తుగా మార్చే డాక్ అనే భాగం వద్ద. 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన సోనీ సీడీపీ-101లో ఒకే డాక్ రెండు చానెళ్ళకు వంతులవారీగా పనిచేసేది; అక్కడ చానెళ్ళు డాక్ దాటిన తరువాతనే విడిపోతాయి. ఫిలిప్స్ వారి టీడీఏ1541 వంటి తరువాతి ఐసీలలో రెండు చానెళ్ళ మార్పిడి ఒకే చిప్పులో జరుగుతుంది. ఏ పద్ధతి అయినా, ఒక చానెల్‌కే పరిమితమైన లోపం చానెళ్ళు విడిపోయిన చోటు మొదలు స్పీకర్ వరకు గల దారిలోనే ఉంటుంది. వెదకవలసిన దూరం దీనితో సగానికి పైగా తగ్గిపోతుంది.

మూత విప్పక ముందు

మొదట లోపం డిస్క్‌లో లేదని తేల్చుకోవాలి. ఇందుకు పాత తెలుగు పాటల సీడీ ఎంతో ఉపయోగపడుతుంది. 1950, 60 దశకాలలో మద్రాసు స్టూడియోలలో రికార్డయిన సినిమా పాటలు సాధారణంగా మోనో రికార్డింగులు. 1957 నాటి మాయాబజార్ పాటలు ఇందుకు ఉదాహరణ. మార్పులు చేయని అటువంటి సీడీలో రెండు చానెళ్ళకూ ఒకే ధ్వని చేరుతుంది. రెండు స్పీకర్లలో ఏ కొంచెం తేడా ఉన్నా అది యంత్రానిదే. వాద్యాలు కొత్తగా చేర్చి స్టీరియోగా మార్చిన సీడీలు ఈ పరీక్షకు పనికిరావు.

తరువాత ఆంప్లిఫయర్‌లోని బ్యాలెన్స్ మీట మధ్యలో ఉన్నదో లేదో చూడాలి. ఆపైన విద్యుత్తు ఆపి, ప్లేయర్ వెనుక ఉన్న ఎరుపు, తెలుపు పిన్నులను పరస్పరం మార్చి పెట్టాలి. మళ్ళీ పాట పెట్టినప్పుడు మూగతనం రెండవ స్పీకర్‌కు మారితే లోపం ప్లేయర్‌లో ఉంది. మునుపటి స్పీకరే మూగగా ఉంటే ప్లేయర్ నిర్దోషి. లోపం వైరులోనో, ఆంప్లిఫయర్‌లోనో, స్పీకర్‌లోనో ఉన్నట్లు. అప్పుడు ప్లేయర్ వైపు పిన్నులను యథాస్థానంలో పెట్టి, ఆంప్లిఫయర్ వైపు పిన్నులను మార్చి చూడాలి. మూగతనం స్థానం మారితే తప్పు వైరుది. మారకపోతే ఆంప్లిఫయర్‌ది లేదా స్పీకర్‌ది.

ప్లేయర్ ముందు భాగంలో హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే మరొక ఆధారం దొరుకుతుంది. హెడ్‌ఫోన్‌లో రెండు వైపులా పాట వినిపిస్తే డాక్ క్షేమంగా ఉన్నట్లే. లోపం వెనుక సాకెట్లకు వెళ్ళే చివరి మజిలీలో ఉంది.

వినికిడే ఆధారం

లోపం వినిపించే తీరును బట్టి కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు. వైరును కదిపినప్పుడు పాట వచ్చి పోతుంటే సాకెట్ వద్ద టంకం పగిలి ఉండవచ్చు. ధ్వని బాగా సన్నగిల్లి, బొంగురుగా వస్తే మ్యూటింగ్ ట్రాన్సిస్టర్‌ను అనుమానించాలి. మృదంగపు గంభీరత పోయి పాట పలుచబడితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయి ఉండవచ్చు. యంత్రం వేడెక్కిన తరువాత చానెల్ తిరిగి వస్తే ఎక్కడో టంకపు అతుకు విడిపోయినట్లు.

చెన్నై వాతావరణం ఈ లోపాలకు తోడ్పడుతుంది. సముద్రపు తేమ, ఉప్పు గాలి వల్ల సాకెట్లు, రిలే కొనలు నల్లబడతాయి. వేడికి కెపాసిటర్లలోని ద్రవం క్రమంగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం దాదాపు సగమవుతుందన్నది సాంకేతిక నిపుణులు పాటించే లెక్క.

మూత విప్పిన తరువాత

ఈ పని ఎలక్ట్రానిక్స్‌లో అనుభవం ఉన్నవారే చేయాలి. లోపల 230 వోల్టుల విద్యుత్తు ప్రవహించే భాగాలు ఉంటాయి. సీడీ లేజర్ కాంతి కంటికి కనిపించనిది కనుక లెన్సులోకి తొంగిచూడరాదు. లేజర్ యూనిట్ దగ్గర ఉండే సర్దుబాటు మరలను తిప్పరాదు.

ఇక్కడ పాటించవలసిన సూత్రం ఒక్కటే. బాగున్న చానెలే కొలబద్ద. రెండు చానెళ్ళ భాగాలు బోర్డు మీద జంటలుగా ఉంటాయి. సర్క్యూట్ పటం లేకపోయినా, ఒక వైపు కొలిచిన విలువను రెండవ వైపు విలువతో పోల్చితే తేడా ఉన్నచోటే లోపం బయటపడుతుంది.

విద్యుత్తు పూర్తిగా తీసివేసి కొద్ది నిమిషాలు ఆగిన తరువాత, మల్టీమీటర్‌తో ఒక్కొక్క సాకెట్ నడిమి కొనకు, ఎర్త్‌కు మధ్య నిరోధాన్ని కొలవాలి. రెండు వైపులా దాదాపు ఒకే విలువ రావాలి. మూగ చానెల్‌లో విలువ సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. రెండవ వైపు కన్నా ఎంతో ఎక్కువగా ఉంటే దారి తెగింది. సాకెట్ కాళ్ళ చుట్టూ సన్నని వలయంలా పగులు ఉన్నదేమో భూతద్దంతో చూసి, తిరిగి టంకం వేయాలి.

షార్ట్ ఉన్నప్పుడు మొదట చూడవలసినది మ్యూటింగ్ ట్రాన్సిస్టర్‌ను. యంత్రం వెలిగించినప్పుడు, పాట మారినప్పుడు టప్పుమనే శబ్దం రాకుండా ధ్వనిని ఎర్త్‌కు మళ్ళించడం దాని పని. అది చెడిపోతే ధ్వనిని ఎల్లప్పుడూ ఎర్త్‌కే పంపుతుంది. మూగ చానెల్‌లోని ట్రాన్సిస్టర్‌ను తీసి చూసినప్పుడు పాట తిరిగి వస్తే దోషి దొరికినట్లే. కొన్ని ప్లేయర్లలో ఈ పనికి రిలే ఉంటుంది. దానిపై మెల్లగా తట్టినప్పుడు పాట వస్తే కొనలు నల్లబడినట్లు.

అక్కడ లోపం లేకపోతే ఆపాంప్ ఐసీని పరీక్షించాలి. 5532, 4558 వంటి ఎనిమిది కాళ్ళ ఐసీలో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి. వాటి అవుట్‌పుట్‌లు 1, 7 కాళ్ళ వద్ద ఉంటాయి. ఈ ఐసీ ఒక్కొక్క చానెల్‌కు ఒక్కొక్క సగం చొప్పున పనిచేస్తుంటే, విద్యుత్తు ఉన్నప్పుడు రెండు కాళ్ళ వద్ద డీసీ వోల్టేజి ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకటి సరఫరా వోల్టేజి అంచుకు చేరి ఉంటే ఆ సగం చెడినట్లు అనుమానించవచ్చు.

చివరిగా మిగిలేది డాక్. పాత డాక్‌లలో చాలావాటి తయారీ ఆగిపోయింది. పేరు మార్చి ముద్రించిన నకళ్ళు అంగళ్ళలో తిరుగుతుంటాయి. ప్లేయర్‌కు డిజిటల్ అవుట్‌పుట్ ఉంటే, నకలు ఐసీతో ప్రయోగం చేయడం కన్నా బయటి డాక్‌ను కలుపుకోవడం మేలు. యంత్రం యథాప్రకారం డిస్క్‌ను చదువుతుంది, పాట రెండు వైపులా పలుకుతుంది.

రిచీ స్ట్రీట్‌కు వెళ్ళేవారికి

చెన్నై మౌంట్ రోడ్డు పక్కన, చింతాద్రిపేటకు చేరువలో ఉన్న రిచీ స్ట్రీట్, నరసింగపురం వీధి ఎలక్ట్రానిక్ విడిభాగాలకు ప్రసిద్ధి. సూళ్ళూరుపేట, గుమ్మిడిపూండి వైపు నుండి లోకల్ రైలులో సెంట్రల్ చేరేవారికి ఇవి దగ్గరే. సాకెట్లు, ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, ఆపాంప్‌లు ఇటువంటి చోట దొరికే సాధారణ సరుకే. లేజర్ యూనిట్‌తో పోల్చితే వీటి ధర స్వల్పం. చెడిన భాగాన్ని వెంట తీసుకువెళ్ళి, దానిపై ఉన్న సంఖ్యను సరిచూసి కొనడం మంచిది.

స్వయంగా మూత విప్పలేనివారు కూడా పిన్నులు మార్చే పరీక్షను ఇంట్లోనే చేసుకోవచ్చు. యంత్రాన్ని మరమ్మతుకు ఇచ్చేటప్పుడు "ప్లేయర్ పనిచేయడం లేదు" అనడానికి బదులు, "డిస్క్ బాగా చదువుతున్నది, కుడి చానెల్ మాత్రమే రావడం లేదు, పిన్నులు మార్చితే మూగతనం మారుతున్నది" అని చెప్పాలి. ఆ ఒక్క వాక్యం విన్న తరువాత నిజాయితీ గల మెకానిక్ ఎవరూ లెన్సు మార్చాలని అనడు.