పంచాయతీ ట్రాక్టరు: రేడియేటరు నీరు ఎచటికి పోవుచున్నది?

గ్రామములోని చెత్తను ఎత్తవలెనన్నను, వేసవిలో నీటి ట్యాంకరును నడుపవలెనన్నను, నాటిన మొక్కలను బ్రతికింపవలెనన్నను నేడు అనేక గ్రామ పంచాయతీలకు ట్రాక్టరే ఆధారము. తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము మూలమున గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూరినవి. ఆనాడు క్రొత్తవైన ఆ బండ్లు ఇప్పుడు పాతబడుచున్నవి. పాతబడిన బండికి వచ్చు జబ్బులలో మొదట స్వల్పముగా తోచి, తుదకు ఇంజనునే పాడుచేయునది ఒకటి కలదు. అది రేడియేటరు నీరు తరుగుట.

"రోజూ ఒక లీటరు పోయుచున్నామండీ, బండి బాగానే నడుచుచున్నది" అని డ్రైవరు చెప్పును. సభ్యులు విని ఊరకుందురు. కాని రేడియేటరు మూత బిగించిన పాత్ర వంటిది. దారి లేనిదే అందులోని నీరు ప్రతిదినము తరుగదు. నీరు పోయుట ఆ పూటకు గడుచు ఉపాయమే కాని చికిత్స కాదు. నీరు పోవు దారిని కనుగొనుటయే చికిత్స.

మూత తీయుటకు ముందు

పంపు నీటిని ఇంజను దిమ్మ చుట్టును, హెడ్డులోను త్రిప్పి, పై గొట్టము ద్వారా రేడియేటరునకు పంపును. అచట గాలికి చల్లబడిన నీరు క్రింది గొట్టము ద్వారా మరల ఇంజనును చేరును. రేడియేటరు మూతలోని స్ప్రింగు ఈ నీటిని ఒత్తిడిలో ఉంచును. సాధారణముగా 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగు నీరు, గాలి ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిలో సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. అందుచే వేడి బండి మూతను విప్పినచో నీరు ఆ క్షణముననే ఆవిరియై ఎగజిమ్మి ముఖమును, చేతులను కాల్చును. కావున ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే మూతను తీయవలెను.

బయట కారుచున్న చోటు

సాయంకాలము ఇంజను చల్లారిన తరువాత రేడియేటరులో గుర్తు వరకు నీరు నింపి, బండి క్రింద పాత అట్టను పరచి, మరునాడు తెల్లవారగానే చూడవలెను. నల్లని జిగురు మరక నూనెది; వాసన గొట్టునది డీజిలుది; పలుచని తడి గాని, కూలెంటు రంగు గాని కనిపించినచో అది రేడియేటరు నీరు.

అయితే చుక్క పడిన చోటికి సరిగా పైననే లీకు ఉండునని తలంపరాదు. నీరు లోహము వెంబడి జారి వేరొకచోట రాలును. ఇంజను తిరుగునప్పుడు ఫ్యాను గాలికి వెనుకకు చిమ్మును. కనుక తడిని క్రిందనుండి పైకి వెదకుచు పోయి, అన్నిటికంటె ఎత్తున తడి మొదలైన చోటును పట్టుకొనవలెను. సన్నని లీకు వేడి ఇంజనుపై ఆవిరియై పోవుటచే చుక్క కూడ పడదు. అట్టి చోట తెల్లని, పచ్చని లేక త్రుప్పు రంగు పొర ఎండి ఉండును.

వరుసగా చూడవలసినవి ఇవి. రబ్బరు గొట్టములను చేతితో నొక్కి, క్లిప్పుల వద్ద పగుళ్లు, ఉబ్బు గలవేమో చూడవలెను. రేడియేటరు అతుకులను, జాలిని పరిశీలింపవలెను. నీటి పంపు అడుగున ఒక చిన్న రంధ్రము ఉండును; దానినుండి నీరు కారినచో పంపు లోపలి సీలు అరిగినదని అర్థము. ఆ రంధ్రమును మూసివేయుట తగదు. ఇంజను దిమ్మ ప్రక్కన గల గుండ్రని లోహపు మూతలు కూడ త్రుప్పుపట్టి కారవచ్చును. రేడియేటరు మూత రబ్బరు చెడినను నీరు ప్రక్క గొట్టము గుండా పోవును.

ఇంతటితో తెలియనిచో మెకానిక్కుచే ఒత్తిడి పరీక్ష చేయింపవలెను. చేతిపంపు వంటి పరికరమును చల్లని రేడియేటరు మూతికి బిగించి, బండికి నిర్ణయించిన ఒత్తిడికి మించకుండ గాలి కొట్టుదురు. ముల్లు క్రమముగా దిగినచో ఎచటనో లీకు కలదు.

లోపలి లీకు

ముల్లు దిగుచుండియు బయట ఎచటను తడి లేనిచో నీరు ఇంజను లోపలికే పోవుచున్నదని అనుమానింపవలెను. హెడ్డు గ్యాస్కెట్టు చెడినచో రేడియేటరులో బుడగలు విడువక వచ్చుట, ఇంజను వేడెక్కిన పిదప కూడ తెల్లని ఆవిరి పొగ వచ్చుట కనిపించును. నూనె కొలబద్దను తీసి చూచినపుడు నూనె పాలు కలిసినట్లు తెల్లబారి ఉన్నచో ఆ బండిని ఒక్క అడుగైనను నడుపరాదు. నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడలేదు. గొట్టమో, క్లిప్పో మార్చుటతో తీరవలసిన ఖర్చు ఇంజను విప్పువరకు పోవుట సాధారణముగా ఇట్టి ఆలస్యము వలననే.

చేయరాని పనులు

లీకు ఆగుటకై కొందరు రేడియేటరులో పసుపు పోయుదురు. అది రంధ్రముతోపాటు సన్నని నీటి దారులను కూడ మూయగలదు. అప్పుడు బండి మరింత వేడెక్కును. ఉప్పదనము, సున్నము గల బోరునీటిని నిత్యము పోసినచో లోపల పొలుసు కట్టును. తయారీదారు పుస్తకములో చెప్పిన కూలెంటును, శుద్ధమైన నీటిని ఆ పుస్తకములోని పాళ్లలోనే కలిపి వాడవలెను. సాధారణ కూలెంటులలో ఉండు ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యనైన విషము. దానిని పశువులు, కుక్కలు త్రాగగల చోట, పిల్లలకు అందు చోట విడువరాదు.

పంచాయతీ కర్తవ్యము

ఇంజను విప్పుట సభ్యుల పని కాదు. లెక్క అడుగుట సభ్యుల పని. ట్రాక్టరు పుస్తకములో డీజిలుతోపాటు ఏ తేదీన ఎంత నీరు పోసినది కూడ వ్రాయింపవలెను. రెండు మూడు దినములు వరుసగా నీరు తరిగినట్లు కనిపించినచో బండిని పరీక్షకు పంపవలెను. మరమ్మతు బిల్లును ఆమోదించుటకు ముందు, లీకు ఎచట కనుగొనిరో, ఏ పరీక్షచే కనుగొనిరో అడిగి, తీసిన పాత భాగమును చూడవలెను. మరమ్మతు తరువాత వారము దినములు నీటి మట్టమును మరల వ్రాయించినచో పని సరిగా జరిగినదీ లేనిదీ తేలిపోవును.

వేసవిలో ట్రాక్టరు నిలిచిపోయినచో ట్యాంకరు కొరకు బిందెలతో నిలువవలసినవారు గ్రామ ప్రజలే. కావున రాబోవు సమావేశమునకు ట్రాక్టరు పుస్తకమును తెప్పించి, నీటి లెక్కను ఒక్కసారి చూడవలసినదిగా పంచాయతీ సభ్యులకు మా మనవి.