పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత

"సిస్టర్, ఆపరేషన్ అయింది కదా, ఇంకెన్నాళ్లు బతుకుతారు?" అని బంధువులు మమ్మల్ని వరండాలో చాటుగా అడుగుతారు. గడ్డ ఎంతవరకు పాకిందన్నదాన్నిబట్టే జవాబు ఉంటుంది. అమెరికా లెక్కల ప్రకారం, పెద్దపేగు, మలాశయం క్యాన్సర్ అక్కడికే పరిమితమై ఉండగా బయటపడితే 100 మందిలో సుమారు 90 మంది ఈ జబ్బుకు బలికాకుండా 5 ఏళ్లు దాటుతున్నారు. పక్కనున్న లింఫు గ్రంథులకు పాకితే 70 మందికి పైగా. కాలేయం వంటి దూరపు అవయవాలకు చేరితే సుమారు 15 మందే.

తీసిన ముక్కలో కనీసం 12 గ్రంథులు పరీక్షించాలంటారు. ఆ బయాప్సీ రిపోర్టు పారేయకండి, తర్వాతి వైద్యమంతా దాని మీదే నడుస్తుంది.

మాకు దిగులు కలిగించేది మరొకటుంది. కుట్లు మాని, అన్నం సయించగానే చాలామంది రావడం మానేస్తారు. "బాగానే ఉన్నానుగా అమ్మా" అంటారు. కానీ ఈ జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మొదటి 3 ఏళ్లలోనే. కాలేయంలో చిన్న మచ్చగా ఉన్నప్పుడే కనబడితే కొందరికి దాన్నీ కోసి తీసేయవచ్చు. కామెర్లు వచ్చాక వస్తే చాలాసార్లు ఆ వీలుండదు. అందుకే మొదటి 2 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి సి.ఇ.ఎ. రక్తపరీక్ష, ఏడాదికి కొలనోస్కోపీ.

పొట్టమీద సంచి ఉందని ఆదివారం ఆరాధనకు రాని వారున్నారు. వాసన రాకుండా సంచి మార్చుకోవడం వార్డులో మేము నేర్పిస్తాం, అడగండి.