ముస్తఫా డబ్బాలో టీవీ ఎలా బిగించాం

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, డబ్బా సరే, లోపల టీవీ ఎలా నిలబెట్టారు?" మాటల్లో చెబుతూ పోతే కొలతలు గాల్లో కలిసిపోయాయి. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

డబ్బా కట్టింది ఇంటర్నేషనల్ సిటీలో, చైనా క్లస్టర్‌లోని మా రూమ్‌లోనే. పక్కనే డ్రాగన్ మార్ట్ ఉంది కాబట్టి స్క్రూలకీ బ్రాకెట్లకీ తిరగక్కర్లేదు. మా రూమ్మేట్ వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్ళిపోతున్నాడు. చిన్నప్పుడు గేమ్ షాపులో రూపాయి బిళ్ళ వేసి ఆడిన ముస్తఫాని వెళ్ళేలోపు ఒక్కసారి నిలబడి ఆడాలని ఆయన కోరిక. (ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. ముస్తఫా అందులో ఒక పాత్ర మాత్రమే. మనవాళ్ళకి ఆ పేరే ఆట పేరైపోయింది.)

టీవీ 32 ఇంచులది, సెకండ్ హ్యాండ్. దాని తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. పాత ఆటల బొమ్మ మాత్రం 4:3 లెక్కలో ఉంటుంది, అంటే 40 ఎత్తుకి 53 వెడల్పే. రెండు పక్కలా తొమ్మిదేసి సెంటీమీటర్లు నల్లగా మిగులుతాయి. బొమ్మని సాగదీయకండి, ముస్తఫా లావైపోతాడు. ఆ ఖాళీని నల్ల అట్టతో కప్పేస్తే అచ్చం పాత మెషిన్ లాగే ఉంటుంది. రిమోట్ సిగ్నల్ తీసుకునే చిన్న కన్ను మాత్రం కప్పొద్దు. చాలా టీవీలు ప్లగ్ ఆన్ చేసినా స్టాండ్‌బైలోనే ఉంటాయి, రిమోట్ కావాల్సిందే.

ఇక బిగింపు. టీవీ వెనకాల నాలుగు బోల్టు కన్నాలుంటాయి. మాదానికి 200కి 200 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. మీది కొలుచుకోండి, 100కి 100 కూడా ఉంటుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక తీసుకుని అవే దూరాల్లో కన్నాలు వేసి, టీవీని పలకకి బిగించాలి. డబ్బా రెండు పక్క గోడలకీ లోపల చెక్క పట్టీలు కొట్టి, పలకని వాటి మీద ఆనించి స్క్రూలు వేయాలి. టీవీ కింద ఇంకో అడ్డపట్టీ ఉండాలి. బరువు దాని మీద పడాలి, బోల్టుల మీద కాదు. తెర కొంచెం వెనక్కి వాలితే నిలబడి ఆడేవాళ్ళకి బాగుంటుంది. కానీ చవక టీవీల్లో కొన్నింటికి పైనుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. కొనేముందు షాపులోనే వంచి చూడండి.

నేను చేసిన తప్పు ఇక్కడే. చేతికి దొరికిన 35 మిల్లీమీటర్ల బోల్టు వేసి బలంగా తిప్పా. టక్కుమంది. మొన తెరని వెనక నుంచి నొక్కేసింది, పెద్ద గీత వచ్చేసింది. ఆయన ఫ్లైటుకి ఇంకా ఐదు రోజులే. ఓవర్‌టైమ్ డబ్బులతో ఇంకో టీవీ కొన్నా.

లెక్క చాలా సులువు. అగ్గిపుల్ల కన్నంలో పెట్టి లోతు చూడండి. మాది 10 వచ్చింది. పలక 18, వాషర్ 1, లోతు 10, మొత్తం 29. బోల్టు అంతకంటే పొడవు ఉండకూడదు. 25ది వేస్తే 6 మిల్లీమీటర్లు లోపలికి దిగుతుంది, చాలు.

కొందరు సన్నగా రావాలని టీవీ ప్లాస్టిక్ డొప్ప ఊడదీసి పెడతారు. వద్దు తమ్ముడూ, లోపలి బోర్డులో కరెంటు నేరుగా ఉంటుంది. పాత డబ్బా టీవీ అయితే ఇంకా డేంజర్, ప్లగ్ తీసేసినా షాక్ కొట్టేంత కరెంటు లోపల నిలవ ఉంటుంది.

వెనక తలుపు కింద, పైన కన్నాలు వేస్తే వేడి గాలి పైకి పోతుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. లేకపోతే బటన్ నొక్కాక ముస్తఫా కాసేపు ఆలోచించి తన్నుతాడు.

నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాళ్ళు పక్క బెడ్ మీదే ఉంటారు కాబట్టి మేము ఇయర్‌ఫోన్స్‌తోనే ఆడాం. వెళ్ళే ముందు రాత్రి ఆయన నాలుగో స్టేజీ దాకా వచ్చి చచ్చిపోయాడు. బ్యాగులు కట్టడం మానేసి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాడు.