వెర్షన్ నంబరు వెనుక ఉన్న హామీ

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ‘కొత్త వెర్షన్ వచ్చింది’ అన్న సందేశం కనిపించగానే చాలామంది మరో ఆలోచన లేకుండా ‘అప్‌డేట్’ నొక్కేస్తారు. 5.4.5, 5.6.1 లాంటి ఆ అంకెలు ఏం చెబుతాయి? ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మూలకోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. ముఖాముఖి ఎరుగని వారంతా కలిసి చేసే ఇలాంటి పనిలో వెర్షన్ నంబరే వాడుకరికి ఇచ్చే హామీ.

మూడు అంకెల భాష

చాలా ప్రాజెక్టులు ‘సెమాంటిక్ వెర్షనింగ్’ అనే పద్ధతిని పాటిస్తాయి. 2.4.1 అనే వెర్షన్‌నే తీసుకుందాం. చివరి అంకె పెరిగితే లోపాలు సరిచేశారని అర్థం. మధ్య అంకె పెరిగితే కొత్త సదుపాయాలు చేరాయి, పాతవి మునుపటిలాగే పనిచేస్తాయి. మొదటి అంకె పెరిగితే మాత్రం జాగ్రత్త పడాలి. పాత వెర్షన్‌ను నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చు.

నంబరు వేసే ముందు సాఫ్ట్‌వేర్ కొన్ని మెట్లు ఎక్కాలి. తొలి రూపం ‘ఆల్ఫా’. సదుపాయాలన్నీ చేరాక, బయటివారు పరీక్షించేది ‘బీటా’. పెద్ద లోపాలేవీ బయటపడకపోతే ఇదే తుది రూపం అనుకున్నది ‘రిలీజ్ క్యాండిడేట్’. ఆ తర్వాతే ‘స్టేబుల్’, అంటే స్థిరమైన విడుదల. లినక్స్ కెర్నెల్‌లో కొత్త మార్పులను రెండు వారాల పాటు స్వీకరిస్తారు. ఆపై దాదాపు వారానికొకటి చొప్పున సాధారణంగా ఏడెనిమిది రిలీజ్ క్యాండిడేట్లు వస్తాయి.

మెట్లు దాటితే ఏమవుతుంది?

1993లో మొదలైన డెబియన్ ప్రాజెక్టుకు 1.0 అనే విడుదలే లేదు. 1995లో ఒక సీడీల సంస్థ ఇంకా తయారీలో ఉన్న రూపాన్నే 1.0 పేరుతో పొరపాటున అమ్మింది. అది అసలైన విడుదల కాదని డెబియన్ ప్రకటించాల్సి వచ్చింది. గందరగోళం లేకుండా 1996లో తన విడుదలకు 1.1 అని పేరు పెట్టింది.

నేడు డెబియన్‌లో కొత్త ప్యాకేజీ మొదట ‘అన్‌స్టేబుల్’లోకి, అక్కడ సమస్యలు లేకపోతే ‘టెస్టింగ్’లోకి చేరుతుంది. సుమారు రెండేళ్లకోసారి ఆ టెస్టింగ్‌లో మార్పులు ఆపి, లోపాలు సరిచేసి, స్టేబుల్‌గా విడుదల చేస్తారు. ఈ నిదానం ఎంత మేలు చేసిందో 2024లో తెలిసింది.

ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను లినక్స్ కంప్యూటర్లు విరివిగా వాడతాయి. ఆ ప్రాజెక్టులో నమ్మకం సంపాదించిన ఒక నిర్వాహకుడి ఖాతా నుంచి వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి దాగి ఉంది. రహస్య తాళం ఉన్నవారు దూరం నుంచే ఆ కంప్యూటర్లలోకి చొరబడవచ్చు. తన యంత్రంలో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కారణం తవ్వి తీసి, మార్చి 29న లోకానికి చెప్పారు.

అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్‌లో అన్‌స్టేబుల్, టెస్టింగ్ మెట్ల దాకా వచ్చాయి కానీ స్టేబుల్‌కు చేరలేదు. దొంగదారిని పట్టుకున్నది ఒక మనిషి కుతూహలం. ఆ మనిషికి కావలసిన సమయాన్ని ఇచ్చినవి విడుదల దశలు. సరిచేసేటప్పుడు మరో చిక్కు వచ్చింది. కంప్యూటర్ పెద్ద నంబరునే కొత్తదిగా గుర్తిస్తుంది కాబట్టి పాత 5.4.5ను నేరుగా పంపితే తీసుకోదు. అందుకే డెబియన్ దానికి ‘5.6.1+రియల్లీ5.4.5’ అని పేరు పెట్టి పంపింది!

భాషకూ ఒక దశ

ఈ దశలు భద్రతకే పరిమితం కాదు. రాయ్‌పూర్ రాజధానిగా ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో విస్తృతంగా మాట్లాడే ఛత్తీస్‌గఢీ భాషలోకి కేడీఈ అనే ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్‌ను అనువదించారు. తెలుగు అనువాదం కూడా ఉంది. ఇలాంటి పని సాధారణంగా కొద్దిమంది స్వచ్ఛంద సేవకుల మీద నడుస్తుంది. తెరపై కనిపించే ఇంగ్లిషు మాటలు చివరి రోజు వరకూ మారుతూ ఉంటే వారి శ్రమ వృథా అవుతుంది. అందుకే విడుదలకు కొన్ని వారాల ముందు ‘స్ట్రింగ్ ఫ్రీజ్’ ప్రకటిస్తారు. ఆపైన ఆ మాటలు మార్చకూడదు. ఈ గడువు పాటించకపోతే మెనూలో సగం మాతృభాష, సగం ఇంగ్లిషు కనిపిస్తుంది.

మన దేశంలో సీ-డాక్ రూపొందించిన ‘బాస్’ లినక్స్‌కు డెబియనే పునాది. అంటే పైన చెప్పిన మెట్లు ఎక్కడో దూరదేశపు వ్యవహారం కాదు. రాయ్‌పూర్ కళాశాల ల్యాబ్‌లో విద్యార్థి బీటాను ప్రయత్నించి, కనిపించిన లోపాన్ని ప్రాజెక్టుకు తెలియజేస్తే అది సాఫ్ట్‌వేర్‌కు సేవే. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో నడిచే కంప్యూటర్‌కు మాత్రం స్టేబుల్ వెర్షనే తగినది. దానికి వచ్చే భద్రతా సవరణలను ఆలస్యం చేయకుండా వేసుకోవాలి.