విజేతకు తగిన విశేషణం

విద్యార్థులారా! ఒక జట్టు కప్పు గెలిచిందని ఇంగ్లీషులో రాయమంటే చాలామంది 'గ్రేట్ చాంపియన్స్', 'వండర్‌ఫుల్ విన్నర్స్' అని రాస్తారు. ఇవి తప్పు కావు. అయితే వీటివల్ల రాసినవారి సంతోషం తెలుస్తుందే తప్ప, ఆ జట్టు ఎలా గెలిచిందో తెలియదు. చాంపియన్ అనే మాట ముందు చేరే మంచి విశేషణం ఒక సమాచారాన్ని అందిస్తుంది. మీకు పరిచయమైన క్రికెట్ ప్రపంచ కప్ పోటీల నుంచి ఉదాహరణలు తీసుకుని పరిశీలిద్దాం.

1. రెయినింగ్, డిఫెండింగ్

వెస్టిండీస్ 1975, 1979 ప్రపంచ కప్పులు గెలిచింది. 1983 పోటీల నాటికి కప్పు దాని చేతిలోనే ఉంది కాబట్టి అది రెయినింగ్ చాంపియన్. ఆ కప్పును నిలబెట్టుకోవడానికి మళ్లీ బరిలోకి దిగింది కాబట్టి డిఫెండింగ్ చాంపియన్ కూడా. పోటీలో పాల్గొనకుండా ఎవరూ డిఫెండింగ్ చాంపియన్ కాలేరు. ఈ అర్థంలో ఈ రెండు మాటలూ నామవాచకానికి ముందే వస్తాయి. 'ద చాంపియన్ ఈజ్ రెయినింగ్' అనకూడదు.

2. అన్‌లైక్లీ, డిజర్వింగ్

1983 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ 43 పరుగుల తేడాతో వెస్టిండీస్‌ను ఓడించింది. అంతకుముందు రెండు ప్రపంచ కప్పుల్లోనూ కలిపి భారత్ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అందుకే ఆ జట్టును అన్‌లైక్లీ చాంపియన్స్ అనవచ్చు. అంటే ఎవరూ ఊహించని విజేతలని అర్థం, అనర్హులని కాదు. డిఫెండింగ్ చాంపియన్‌నే ఓడించినవారు డిజర్వింగ్ చాంపియన్స్ కూడా. మొదటి విశేషణం పోటీకి ముందున్న అంచనాను చెబుతుంది, రెండోది ఆటతీరును చెబుతుంది.

3. అన్‌బీటెన్, ఇన్విన్సిబుల్

మన విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తెలుగు పత్రికలు 'అజేయ శతకం' అని రాస్తాయి. అక్కడ అజేయ అంటే ఆ బ్యాట్స్‌మన్ అవుట్ కాలేదని మాత్రమే. నిఘంటువు చూస్తే అజేయ అంటే జయించడానికి వీలులేని అని ఉంటుంది. ఇంగ్లీషులో ఈ రెండు అర్థాలకూ వేర్వేరు మాటలున్నాయి. ఇంతవరకు ఓడనిది అన్‌బీటెన్, ఎవరూ ఓడించలేనిది ఇన్విన్సిబుల్. మొదటిది లెక్క, రెండోది పొగడ్త.

2007లో ఆస్ట్రేలియా ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది. కాబట్టి అన్‌బీటెన్ చాంపియన్స్ అనడంలో సందేహం లేదు. ఇన్విన్సిబుల్ అన్నవారు మాత్రం 2011లో ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చేది. ఆ ఏడు మార్చి 24న అహ్మదాబాద్ క్వార్టర్ ఫైనల్లో భారత్ ఆ జట్టును ఓడించింది.

4. జాయింట్, టూ-టైమ్, మెయిడెన్

2002 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ కొలంబోలో వర్షం వల్ల తేలలేదు. భారత్, శ్రీలంక జాయింట్ విన్నర్స్ అయ్యాయి. 1983, 2011లలో ప్రపంచ కప్ గెలిచిన మన పురుషుల జట్టు టూ-టైమ్ చాంపియన్స్. 'టూ-టైమ్స్ చాంపియన్స్' అనకూడదు; విశేషణంగా వాడినప్పుడు బహువచన ప్రత్యయం చేరదు. మన మహిళల జట్టు 2025 నవంబరు 2న తొలి ప్రపంచ కప్ గెలిచింది. దాన్ని మెయిడెన్ టైటిల్ అంటారు. మెయిడెన్ అనేది టైటిల్‌కు చేరుతుంది, చాంపియన్‌కు కాదు.

చివరగా ఒక మాట. 2023 ప్రపంచ కప్‌లో భారత్ వరుసగా 10 మ్యాచ్‌లు గెలిచి, అన్‌బీటెన్ జట్టుగా ఫైనల్ చేరింది. నవంబరు 19న కప్పు గెలిచింది మాత్రం లీగ్ దశలో రెండుసార్లు ఓడిన ఆస్ట్రేలియా. విశేషణం ఎంత గొప్పదైనా నామవాచకాన్ని తెచ్చిపెట్టలేదు. కనుక ముందు జరిగినదేమిటో తెలుసుకోండి, తర్వాత మాటను ఎంచుకోండి.

అభ్యాసం: మీ కళాశాల జట్టు నిరుడు కప్పు గెలిచింది. ఈ ఏడు ఒక మ్యాచ్ ఓడినా మళ్లీ కప్పు గెలిచింది. ఆ జట్టుకు పై విశేషణాల్లో ఏవి సరిపోతాయి? ఏది సరిపోదు? కారణాలతో రాయండి.