పిల్లలతో దుబాయికి... ముందు కాగితాలు, తరువాతే టిక్కెట్లు

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలకు దుబాయి కొత్త ఊరు కాదు. 1970వ దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో పెద్ద ఎత్తున కట్టడాలు మొదలైన నాటి నుంచి ఇక్కడి మగవాళ్ళు కూలికి, మేస్త్రీ పనికి, డ్రైవరీకి అక్కడికి వెళుతూనే ఉన్నారు. వెనుకటి రోజుల్లో చాలామంది బొంబాయి చేరి అక్కడి నుంచి విమానం ఎక్కేవారు. ఇప్పుడు శంషాబాద్‌లో విమానం ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో దుబాయిలో దిగవచ్చు.

తోవ దగ్గరయ్యాక కొన్ని ఇళ్ళలో కొత్త ఆలోచన మొదలైంది. ఏడాదికో రెండేళ్ళకో భర్త సెలవు మీద వచ్చేదాకా ఎదురుచూడకుండా, పిల్లల బడి సెలవుల్లో తల్లే వారిని తీసుకుని వెళ్ళి పదిహేను రోజులు ఉండి వస్తోంది. బాపు అంటే ఫోనులో కనిపించే ముఖమే అనుకునే పసివాడికి ఆ పదిహేను రోజులు చాలా విలువైనవి. అయితే ఇందులో ఖర్చు ఉంది, చిక్కులూ ఉన్నాయి. తొందరపడి టిక్కెట్లు కొన్నాక కాగితం ఒకటి తక్కువైతే విమానాశ్రయం నుంచే వెనక్కు రావాలి. ఈ సంవత్సరం అటువంటి ప్రయాణం తలపెట్టిన వారు ముందుగా చూసుకోవలసిన సంగతులు ఇవి.

మొదట ఇంటి లెక్క

భర్త ఒక్కడు ఇంటికి వస్తే ఒక టిక్కెట్టు. తల్లి, ఇద్దరు పిల్లలు అక్కడికి వెళితే మూడు టిక్కెట్లు, మూడు వీసాలు, బీమా, బస, తిండి. లేబర్ క్యాంపులో ఉండే కార్మికుడు భార్యాపిల్లలను ఆ గదిలోకి తీసుకుపోలేడు. విడిగా హోటలు గదో, కుటుంబంతో ఉంటున్న బంధువుల ఇల్లో చూసుకోవాలి. ఈ రెండు లెక్కలూ ఒక కాగితం మీద పక్కపక్కన వేసి చూడండి. వడ్డీకి తెచ్చి చేసే ప్రయాణమైతే, ఆ అప్పు తీర్చడానికి తండ్రి మరో ఏడాది ఇంటికి రాకుండా ఉండవలసి వస్తుంది. అప్పుడు పిల్లలకు మిగిలేది ఏమీ ఉండదు.

రెండవది తండ్రి సెలవు. చాలా కంపెనీలలో కార్మికులకు వారానికి ఒక్క రోజే సెలవు. రెండు వారాల కోసం వెళ్ళిన కుటుంబానికి ఆయన దొరికేది రెండు రోజులు, మిగతా రోజుల్లో డ్యూటీ ముగిశాక ఒకటి రెండు గంటలు. కంపెనీ నుంచి కనీసం నాలుగైదు రోజుల సెలవు ఖాయమయ్యాకే తేదీలు నిర్ణయించుకోవడం మంచిది.

ఎండాకాలం సెలవులు పనికిరావు

బడికి పెద్ద సెలవులు ఎండాకాలంలో వస్తాయి కాబట్టి అందరి మనసూ మే నెల మీదికే పోతుంది. కాని మే నాటికే దుబాయిలో ఎండ నలభై డిగ్రీలకు చేరుతుంది. దానికి సముద్రపు ఉక్క తోడవుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఎండలో పని చేయించరాదని అక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. కష్టానికి అలవాటుపడిన మేస్త్రీలకే వద్దన్న ఎండలో మూడేళ్ళ పిల్లను తిప్పడం సాధ్యం కాదు. నవంబరు నుంచి మార్చి వరకు అక్కడ చల్లగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకు ముందో వెనుకో నాలుగు రోజులు కలుపుకుని, పంతులుగారికి ముందుగా చెప్పి వెళ్ళడం మేలు. దసరా సెలవులు కూడా మే నెలకంటె నయమే.

పాస్‌పోర్టు, వీసా

చంటిబిడ్డకు సైతం విడిగా పాస్‌పోర్టు, విడిగా వీసా ఉండాలి. మనకు కరీంనగర్‌లోనూ, నిజామాబాద్‌లోనూ పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. పదిహేనేళ్ళలోపు పిల్లల పాస్‌పోర్టుకు సాధారణ రుసుము రూ. 1,000. ఎనిమిదేళ్ళలోపు వారికి కొత్త పాస్‌పోర్టుపై అందులో పదో వంతు తగ్గిస్తారు. అది ఐదేళ్ళే చెల్లుతుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు తెల్లని వెనుకతెరతో తీసిన ఫొటో వెంట తీసుకువెళ్ళాలి.

2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే పుట్టిన తేదీకి రుజువు. ఆ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్ కార్డులోనూ, వారి పాస్‌పోర్టులలోనూ ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మన పల్లెల్లో మామూలే. దానిని సరిచేయించడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి మొదటి పని అదే కావాలి.

పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతీ అడుగుతారు. తండ్రి దుబాయిలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించిన సమ్మతి పత్రాన్ని పంపించమనండి. అదే పత్రంతో పాటు తండ్రి పాస్‌పోర్టు, వీసా నకళ్ళు తల్లి దగ్గర ఉంటే ప్రయాణం నాడు కూడా ఉపయోగపడతాయి.

ప్రయాణం నాటికి పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. సందర్శకుల వీసాలు సాధారణంగా 30 రోజులకో 60 రోజులకో ఇస్తారు. గడువు దాటితే మనిషికి రోజుకు 50 దిర్హాముల జరిమానా. ముగ్గురు వారం రోజులు దాటిపోతే 1,050 దిర్హాములు కట్టాలి. సందర్శకుల వీసాను నివాస వీసా అనుకుని మోసపోయిన వారున్నారు. కుటుంబాన్ని దగ్గర పెట్టుకునే నివాస వీసా కావాలంటే తండ్రి జీతం నెలకు 4,000 దిర్హాములు గానీ, 3,000 దిర్హాములతో పాటు కంపెనీ ఇచ్చే బస గానీ ఉండాలి.

తల్లి పదవ తరగతి పాసు కాకపోతే ఆమె పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతిలోది కావచ్చు. ఉద్యోగానికి కాక చూసి రావడానికి వెళ్ళేవారికి దానివల్ల ఆటంకం ఉండకూడదు. అయినా అధికారులు ప్రశ్నలు వేస్తారు. తిరుగు టిక్కెట్టు, వీసా, బస వివరాలు, భర్త కాగితాలు చేతిలో ఉంచుకుని నిదానంగా జవాబు చెప్పాలి.

టిక్కెట్టు కొనేటప్పుడు

రెండేళ్ళలోపు బిడ్డకు విమానంలో సీటు ఉండదు, ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. ఆ టిక్కెట్టు ధర చాలా తక్కువ. అయితే ఒక పెద్దమనిషి ఒడిలో ఒక్క బిడ్డనే ఒప్పుకుంటారు. వెళ్ళేటప్పుడు రెండేళ్ళు నిండక, తిరిగి వచ్చేనాటికి నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. పుట్టినరోజు తేదీ చూసుకుని ప్రయాణం పెట్టుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది.

గల్ఫ్‌లో ఉద్రిక్తతల సమయంలో విమానాలు నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. 2025 జూన్‌లో కొన్ని గల్ఫ్ దేశాలు తమ గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేశాయి. టిక్కెట్టు కొనేముందు, బయలుదేరే ముందు మన విదేశాంగ శాఖ ప్రకటనలు చూసుకోవాలి. ప్రయాణ బీమాకు అయ్యే కొద్ది ఖర్చును చూసి వెనుకాడవద్దు. అక్కడ ఆస్పత్రి ఖర్చు మనం భరించగలిగేది కాదు.

సంచిలో ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు

కొడుకు కోసం అవ్వ కట్టే మూటలోనే ఒక్కోసారి ఆపద ఉంటుంది. మనం మాంసం కూరలో వేసుకునే గసగసాలు అక్కడ నిషిద్ధం. నల్లమందు మొక్క గింజలు కావడమే అందుకు కారణం. విడిగానే కాదు, మసాలా పొడిలో కలిపి కూడా పంపవద్దు. తమలపాకులు, కిళ్ళీ సామాను కూడా వద్దు. ఎండు కొబ్బరి చిప్పలను లగేజీలో ఒప్పుకోరు, వాటిలోని నూనె వల్ల మంట అంటుకునే ప్రమాదం ఉంది. మామిడి తొక్కు గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టాలి. చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసేస్తారు. సకినాలు, గారెలు, అరిసెలు నిక్షేపంగా తీసుకువెళ్ళవచ్చు.

మందుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి లేకుండా తీసుకువెళితే కేసవుతుంది. పిల్లల జ్వరం మందు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, రోజూ వాడే మందులు ఏవైనా డాక్టరు చీటీతో సహా, దుకాణంలో ఇచ్చిన డబ్బాలోనే ఉంచి తీసుకువెళ్ళండి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. దుబాయి పోతున్నారని తెలియగానే ఊళ్ళోవాళ్ళు "మా వానికి ఈ పొట్లం ఇయ్యి" అని తెస్తారు. మొగమాటానికి పోయి విప్పి చూడని పొట్లం తీసుకోవద్దు. అందులో ఏది దొరికినా జైలుకు పోయేది మోసినవారే. పసిపిల్లలతో ఉన్న తల్లి ఆ సాహసం చేయరాదు.

ఒంటిమీద బంగారం ఎక్కువగా పెట్టుకుని వెళ్ళేవారు బయలుదేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపి ధ్రువీకరణ పత్రం తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు పేచీ ఉండదు. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే రాయితీ ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవారికే. సెలవులకు వెళ్ళివచ్చిన వారికి అది వర్తించదు.

విమానంలో

జగిత్యాల నుంచి శంషాబాద్ దాకా రోడ్డు ప్రయాణమే ఐదారు గంటలు పడుతుంది. విమానం వేళకు మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. అంటే విమానం ఎక్కకముందే పిల్లలు అలసిపోతారు. తెల్లవారుజామున విమానమైతే ముందురోజు సాయంత్రమే హైదరాబాద్‌లో బంధువుల ఇంటికి చేరుకుని, పిల్లలను కొంతసేపు పడుకోబెట్టి బయలుదేరడం మంచిది. చేతిసంచిలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నా చంటిబిడ్డ పాలకు మినహాయింపు ఉంటుంది. విమానం ఎక్కేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు పిల్లలకు చెవులు నొప్పి పుట్టి ఏడుస్తారు. ఆ సమయంలో పాలిచ్చినా, పెద్ద పిల్లలకు చప్పరించడానికి ఏదైనా ఇచ్చినా నొప్పి తగ్గుతుంది.

అక్కడ రోజు గడిచే తీరు

దుబాయి గడియారం మనకంటె గంటన్నర వెనుక. ఇక్కడ ఆరింటికి లేచే పిల్లవాడు అక్కడ నాలుగున్నరకే లేచి కూర్చుంటాడు. దానికి తగ్గట్టు పొద్దున్నే బయట తిప్పి, మధ్యాహ్నం తిండి, నిద్ర గదిలోనే కానిచ్చి, మళ్ళీ సాయంత్రం బయలుదేరాలి. రోజుకు ఒక్క చోటు చాలు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కడానికి టిక్కెట్టు ఖరీదెక్కువ. కింద నిలబడి తల ఎత్తి చూడటానికి ఖర్చు లేదు, పసివాడికి రెండూ ఒకటే. 2009లో మొదలైన మెట్రో రైలును నడపడానికి డ్రైవరు ఉండడు, ముందు అద్దంలోంచి పట్టాలు చూడటమే పిల్లలకు పెద్ద వేడుక. అందులో ఆడవారికి, పిల్లలకు ప్రత్యేక భాగం ఉంది. క్రీక్ అనే సముద్రపు పాయను అబ్రా పడవలో దాటడానికి అయ్యే ఖర్చు అతి తక్కువ. సముద్రపు ఒడ్డున ఇసుకలో ఆడుకోవడానికి ఏమీ ఇవ్వనక్కరలేదు.

కారులో పదేళ్ళలోపు పిల్లలను ముందు సీటులో కూర్చోబెట్టడం అక్కడ నేరం. తండ్రి ఫోను నంబరు, బస చిరునామా రాసిన చీటీ ప్రతి పిల్లవాడి జేబులోనూ ఉండాలి. పోలీసులకు 999, అంబులెన్సుకు 998, భారతీయుల సహాయ కేంద్రానికి 80046342 నంబర్లను తల్లి తన దగ్గర రాసి పెట్టుకోవాలి.

ఇవన్నీ చూపించినా తండ్రి పని చేసే చోటు చూపించకపోతే ప్రయాణం సగమే అయినట్టు. లోపలికి పోనివ్వకపోయినా, తాను కట్టిన గోడనో, నడిపే బస్సునో, ఊడ్చే వీధినో దూరం నుంచి చూపించి "ఇది నా పని" అని ఆయన చెప్పాలి. నెలనెలా ఇంటికి వచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో అప్పుడు పిల్లలకు అర్థమవుతుంది. బొమ్మల దుకాణంలో మారాం చేసే పిల్లకు సమాధానం చెప్పడం కూడా సులువవుతుంది.

తిరుగు ప్రయాణానికి కూడా పిల్లలను ముందుగానే సిద్ధం చేయాలి. ఏడుస్తారని భయపడి చివరిదాకా దాచిపెట్టడం, తండ్రి చెప్పకుండా డ్యూటీకి వెళ్ళిపోవడం మంచిది కాదు. ఎన్ని రోజులు ఉంటామో, ఏనాడు వెళ్ళిపోతామో మొదటి రోజే క్యాలెండరులో గుర్తు పెట్టి చూపించండి. బాపు మళ్ళీ ఊరికి వచ్చే నెల కూడా అందులోనే చూపించండి. విమానాశ్రయంలో పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. తండ్రి చేతుల మీదుగానే వారిని లోపలికి పంపించాలి.